అమ్మ మాత్రల డబ్బా: ప్రాజెక్టు డైరీ

2024 జూలై 14, ఆదివారం

మొన్న సోమవారం నాన్న మొదటి మాసికం. మా ఊరు పాలకొల్లు వెళ్లి నిన్న రాత్రే హైదరాబాద్ వచ్చాను.

ఆ రోజు భోజనాలయ్యాక అమ్మ మాత్రల డబ్బా తీసి చూశాను. పాత బిస్కెట్ల రేకు డబ్బా అది, మూత మీద నెమలి బొమ్మ సగం చెరిగిపోయింది. పన్నెండో రోజు కార్యక్రమం అయ్యాక, జూన్ 20న, అందులో రెండు స్ట్రిప్పులు నేనే పెట్టాను. టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 కలిసిన బీపీ మాత్ర. రోజుకొకటి, పొద్దున టిఫినయ్యాక. పద్దెనిమిది రోజులు గడిచాయి. ఖాళీ అయిన గుంటలు మాత్రం ఐదే.

"మర్చిపోయాన్రా" అంది అమ్మ. మాసికం తిథి మర్చిపోలేదు. ఎవరెవరిని భోజనానికి పిలవాలో, ఏయే కూరలు వండకూడదో ఒక్కటీ మర్చిపోలేదు. తన మాత్ర ఒక్కటే మర్చిపోయింది.

మిషను పెట్టి చూస్తే 168/96 ఉంది. గుండె బరువుగా ఉంటోందన్న మాట కూడా అప్పుడే బయటపెట్టింది. ఆ సాయంత్రమే భీమవరం తీసుకెళ్లాం. ఈసీజీ, ఎకో రెండూ బాగానే వచ్చాయి. ఎకో ఎందుకని నేను అడిగితే డాక్టరు కూర్చోబెట్టి చెప్పారు. దుఃఖం వల్ల గుండె కండరం ఉన్నట్టుండి బలహీనపడే జబ్బు నిజంగానే ఉందట. 1990లో జపాన్ డాక్టర్లు దాని గురించి రాశారు. ఎడమ జఠరిక, అంటే గుండెలో ఎడమవైపు కింది గది, కొన దగ్గర ఉబ్బి, అక్కడి జాలర్లు ఆక్టోపస్‌లు పట్టే కుండలా కనిపిస్తుంది కాబట్టి దానికి టకోట్సుబో అని ఆ కుండ పేరే పెట్టారు. ముట్లు ఆగిపోయిన ఆడవాళ్లలోనే ఎక్కువ. లక్షణాలు అచ్చం గుండెపోటులాగే ఉంటాయి. అమ్మకి అది లేదు. మాత్రలు మళ్లీ మొదలుపెట్టమన్నారు. ఒకరోజు తప్పితే మర్నాడు రెండు వేసుకోవద్దని గట్టిగా చెప్పారు.

నాన్న ఉండగా ఈ టెన్షన్ లేదు. రోజూ ఎనిమిదింటికి "మాత్రేసుకున్నావా?" అని అడిగేవారు. అమ్మ "ఆఁ" అంటే అంతటితో వదిలేవారు కాదు. "ఎన్నింటికి?" అనేవారు. టైము చెప్పేదాకా అక్కడే నిలబడేవారు.

ఇవాళ సామాన్లు ఆర్డరు పెట్టాను. చిన్న కంప్యూటరులాంటి ఈఎస్పీ32 బోర్డు, అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే రీడ్ స్విచ్, చిన్న అయస్కాంతం, టైము తప్పకుండా ఉండటానికి డీఎస్3231 చిప్, మెమరీ కార్డు పెట్టే ఎంపీత్రీ మాడ్యూల్, మూడు వాట్ల స్పీకరు. డబ్బా మూత తెరవకపోతే గుర్తు చెయ్యాలి. పని ఇంతే అనుకుంటున్నాను.

జూలై 21, ఆదివారం

సామాన్లు ఇంకా రాలేదు. వచ్చేటప్పుడు నాన్న బీపీ పుస్తకం నాతో తెచ్చుకున్నాను. ఇవాళంతా దాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించాను.

పొడుగు రూళ్ల పుస్తకం. నాన్న ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేశారు. బస్సు గ్యారేజీకి వస్తే రాసే జాబ్ కార్డులాగే గళ్లు గీశారు: తేదీ, టైము, పై అంకె, కింది అంకె, పల్స్, రిమార్కు. ఎడమ పేజీ అమ్మది. కుడి పేజీ ఆయనది. 2019 జనవరిలో మొదలైంది. వారానికి రెండుసార్లు, బుధవారం, ఆదివారం.

అమ్మ పేజీలో 137/84, 142/88, 129/77 ఇలా ఉన్నాయి. రిమార్కు గడిలో "రాత్రి నిద్ర లేదు", "పెళ్లి భోజనం, ఆవకాయ", "కాళ్ల వాపు, డాక్టరుకి చెప్పాలి". ఆమ్లోడిపిన్‌తో కొందరికి చీలమండలు వాస్తాయి. నాన్న ఆ వాపును పట్టుకుని, తేదీ రాసుకుని, డాక్టరుకి చూపించి డోసు మార్పించారు. అదీ పుస్తకంలో ఉంది, ఎర్ర పెన్నుతో.

కుడి పేజీ ఎక్కించేటప్పుడు నా చెయ్యి ఆగింది. 140/90. 140/90. 130/80. 140/90. అన్నీ సున్నాలే. రెండు పేజీలకూ వాడింది ఒకటే డిజిటల్ మిషను. అది ఇలా వరసగా గుండు అంకెలు చూపించదు. వచ్చిన అంకెను సర్ది రాశారన్నమాట. ఎటువైపు సర్దారో నాకిప్పుడు తెలుసు. 2024 ఫిబ్రవరి 18 తర్వాత కుడి పేజీ ఖాళీ. ఎడమ పేజీ మాత్రం జూన్ 5, బుధవారం దాకా ఒక్కటీ తప్పలేదు.

జూన్ 9 తెల్లవారుజామున నాన్నకి మెదడులో నరం చిట్లింది. బీపీ వల్లేనన్నారు.

నేను ఆఫీసులో ఇతరుల సర్వర్లకి హెచ్చరికలు పెడతాను. ఐదు నిమిషాలు గ్రాఫులో గీత కాస్త పైకి లేస్తే నలుగురికి ఫోన్లు మోగుతాయి. ఈ పుస్తకం ఐదేళ్లు మా ఇంట్లో టీవీ పక్కనే ఉంది. ఎన్నోసార్లు చూశాను. కుడి పేజీ ఎప్పుడూ చదవలేదు.

ఇవాళ్టికి ఇక చాలు.

ఆగస్టు 4, ఆదివారం

2022లో మా పాప పుట్టినప్పుడు అమ్మ మూడు నెలలు మా దగ్గరుంది. నాన్న ఊళ్లోనే ఉండిపోయారు. ఆ మూడు నెలలూ రోజూ పొద్దున అమ్మకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టేవారు. అవి అమ్మ ఫోనులో ఓపస్ అనే రకం ఆడియో ఫైళ్లుగా ఉన్నాయి. ఫైలు పేరులోనే తేదీ ఉంటుంది కాబట్టి ఏరుకోవడం తేలికే. అరవై మూడు దొరికాయి. అన్నీ విన్నాను. "ఇదిగో, మాత్రేసుకున్నావా? ఎన్నింటికి?" అని స్పష్టంగా ఉన్నవి పదకొండు. మిగతావాటిలో కరెంటు బిల్లు, కొబ్బరికాయల దింపు, పక్కింటి వాళ్ల గేదె ఈనిన సంగతి. ప్రతిదాని వెనకా మా హాల్లో ఫ్యాను టకటకమంటూ ఉంటుంది. ఆ ఫ్యాను శబ్దం తీసెయ్యడానికి ఒక ఫిల్టరు వేశాను. వింటే నాన్న మా ఇంట్లో లేనట్టు, ఏదో గదిలో ఒక్కరే మాట్లాడుతున్నట్టు ఉంది. ఫిల్టరు తీసేశాను.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాంతో ఎంపీత్రీలోకి మార్చి, కార్డులో వేసి, రాత్రి పన్నెండు దాటాక మొదటిసారి మోగించాను. రావాల్సింది మొదటి ఫైలు. వచ్చింది వేరేది. చీకట్లో నాన్న గొంతు "పాపకి జలుబు తగ్గిందా?" అంది.

కాసేపు బల్ల దగ్గరే కూర్చుండిపోయాను. తర్వాత చూస్తే, నేను వాడిన కమాండుకు ఈ మాడ్యూల్ ఫైళ్లను పేరు వరసలో కాదు, కార్డులోకి కాపీ అయిన వరసలో లెక్కపెడుతోంది. కార్డు మళ్లీ ఫార్మాట్ చేసి ఒక్కొక్కటే వరసగా వేస్తే సరిపోయింది. ఇలాంటి మాడ్యూల్ వాడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. సీరియల్ లైనులో వెయ్యి ఓమ్‌ల రెసిస్టరు వేస్తే గరగర కూడా తగ్గుతుంది.

ఆఫీసులో ఒక మిత్రుడికి చెబితే, పదకొండు ముక్కలే ఎందుకు, గొంతును కృత్రిమ మేధతో తయారుచేసుకుంటే ఏ మాటైనా పలికించవచ్చు కదా అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఈ రోజుల్లో దానికి కొద్ది నిమిషాల ఆడియో చాలు, నా దగ్గర అంతకంటే ఎక్కువే ఉంది. చెయ్యను. నాన్న అనని మాట నాన్న గొంతులో వింటే, కొన్నాళ్లకి ఏది అన్నారో ఏది అనలేదో నాకే గుర్తుండదు. ఉన్నవే తక్కువ. వాటిలో కల్తీ కలపలేను.

ఆగస్టు 15, గురువారం, పాలకొల్లు

రేపు వరలక్ష్మీ వ్రతం. ఈ ఏడాది మా ఇంట్లో లేదు. వీధిలో అందరిళ్లలోనూ పొద్దున్నుంచి శెనగలు నానబెట్టే హడావుడి.

డబ్బాకి అన్నీ బిగించి వంటింటి గట్టు మీద పెట్టాను. అమ్మకి కొంచెమే చెప్పాను, "టైముకి గుర్తుచేస్తుందమ్మా" అని. గొంతు సంగతి చెప్పలేదు. సంతోషపడుతుందనుకున్నాను.

ఎనిమిదయింది. అమ్మ పెరట్లో గిన్నెలు కడుగుతోంది. లోపల్నుంచి నాన్న గొంతు వచ్చింది. "ఇదిగో, మాత్రేసుకున్నావా? ఎన్నింటికి?"

"ఆఁ, వస్తన్నా" అంది అమ్మ. చేతిలో గిన్నె కింద పెట్టి, పమిటకి చేతులు తుడుచుకుంటూ గబగబా గుమ్మం దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. నన్ను చూసింది, గట్టు మీది డబ్బాను చూసింది. గుమ్మం పట్టుకుని అలాగే కిందకి కూర్చుంది.

నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి అంది: "పిలుస్తారు. నేనొచ్చేసరికి ఉండరు. రోజూ ఎలాగరా ఇది?"

అప్పుడే స్పీకరు వైరు పీకేశాను. తీసింది నా జేబులో పెట్టుకుంటుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది. "పారెయ్యకు" అంది.

ఆగస్టు 25, ఆదివారం

రెండు మార్పులు చేశాను. ఒకటి, డబ్బా ఇక ఏ శబ్దమూ చెయ్యదు. రెండు, నాన్న గొంతు వేరే చిన్న చెక్కపెట్టెలోకి వెళ్లింది. దానికి ఒకే బటన్. అమ్మ నొక్కితే అరవై మూడింట్లో ఏదో ఒకటి వస్తుంది, నొక్కకపోతే రాదు. ఎన్నిసార్లు నొక్కిందో, ఎప్పుడు నొక్కిందో ఆ పెట్టెలో ఎక్కడా రాసుకోదు. వైఫై కూడా పెట్టలేదు.

డబ్బా నోరు మూసుకుంది కాబట్టి తెరవకపోతే నాకు కబురు రావాలి. అమ్మ ఇంట్లో నెట్ లేదు, నాన్న ఫోను ఉంది. ఆ సిమ్ ఎలాగూ బతికించాలి. బ్యాంకు ఓటీపీలు, పింఛను కాగితాలు అన్నీ ఆ నంబరు మీదే ఉన్నాయి. తొంభై రోజులు వాడకం లేకపోతే నంబరు రద్దవచ్చు. వాట్సాప్ ఖాతా అయితే మామూలుగా 120 రోజులు వాడకపోతే తొలగిస్తారు. అందుకని ఆ ఫోనులోనే కోడు నడిపే టెర్మక్స్ అనే యాప్ వేసి, డబ్బా చెప్పగానే నాకు ఎస్ఎంఎస్ వచ్చేలా రాశాను.

గురువారం మీటింగులో ఉన్నాను. ఫోను బల్ల మీద ఉంది. స్క్రీను వెలిగింది.

"నాన్న. డబ్బా తెరవలేదు."

లేచి మెట్ల దగ్గరికి వెళ్లిపోయాను. రెండున్నర నెలల తర్వాత ఆ పేరు నా స్క్రీను మీద వెలిగింది. కోడు రాసింది నేనే, ఏ నంబరు నుంచి వస్తుందో తెలిసినవాణ్ని నేనే. అయినా ఒక్క క్షణం నిజమనుకున్నాను. అమ్మకి 15న ఏం చేశానో 22న నాకు బాగా అర్థమైంది.

నాన్న ఫోను మళ్లీ బీరువాలోకి వెళ్లింది, నెలకోసారి రీచార్జి చేసి వాడతాం. డబ్బాకి వేరే సిమ్‌తో చిన్న 4జీ రూటరు, కరెంటు పోయినా నడవడానికి చిన్న యూపీఎస్ కొన్నాను. కబురు టెలిగ్రామ్‌లో తనంతట తానే మెసేజ్ పంపే బాట్ ద్వారా నాకూ, విశాఖలో ఉన్న చెల్లికీ వస్తుంది. పంపేవాడి పేరు "డబ్బా".

స్విచ్ సంగతి త్వరగా రాసేస్తాను. రేకు డబ్బాకి రీడ్ స్విచ్ పనికిరాదు. అయస్కాంతం బలమంతా రేకులోకే పోతుంది. దాని బదులు లోపల ఎల్‌డీఆర్ పెట్టి వెలుతురును బట్టి తెలుసుకుందామనుకుంటే, మబ్బు పట్టి కరెంటు పోయిన రోజు పట్టుకోలేదు. చివరికి ఫ్రిజ్ తలుపు దగ్గర ఉండేలాంటి చిన్న లీవర్ స్విచ్‌తో కుదిరింది. మూత ఒకసారి తీస్తే ఏడుసార్లు నమోదయ్యేది. యాభై మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చూడమని కోడులో రాశాక ఒకటే వస్తోంది.

హెచ్చరిక ఎప్పుడు రావాలన్నది ఆలోచించాల్సిన విషయం. ఎనిమిదీ ఐదుకే రావాలని మొదట రాశాను, సర్వర్ల అలవాటు. కానీ ఆమ్లోడిపిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి 30 నుంచి 50 గంటలు పడుతుంది. రెండు గంటలు ఆలస్యమైతే మునిగిపోయేదేం లేదు, వారాల తరబడి మానేస్తేనే ప్రమాదం. పది గంటలకి మార్చాను. అమ్మ పూజ చేసుకుని, టిఫిను తిని, తన వీలుకొద్దీ వేసుకోవచ్చు.

సెప్టెంబరు 8, ఆదివారం

ఒకటో తారీఖు వానలకి బెజవాడలో బుడమేరు వాగు ఊళ్ల మీద పడింది. కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. రెండున వెళ్లాల్సిన నా రైలు రద్దు. ఆ నాలుగు రోజులు డబ్బా నుంచి కబురు రాలేదంటే అమ్మ మాత్ర తీసుకున్నట్టా, రూటరు పోయినట్టా తెలియక నలిగిపోయాను. కబురు లేకపోవడాన్ని శుభం అనుకునేలా రాయడం నా తప్పు. ఇప్పుడు రోజూ ఆరింటికి "ఉన్నాను" అని ఒక మాట పంపుతుంది. అది రాకపోతే మేమే ఫోను చేస్తాం.

మాసికం తేదీ కోసం చిన్న స్క్రిప్టు కూడా రాశాను. చంద్రుడికీ సూర్యుడికీ మధ్య ప్రతి పన్నెండు డిగ్రీలకి ఒక తిథి, కాబట్టి లెక్క కష్టం కాదు. భాద్రపద శుద్ధ తదియ సెప్టెంబరు 6 అని వచ్చింది. అమ్మకి ఫోనులో చెబితే "ఐదునే రా" అంది. పితృకార్యానికి సూర్యోదయం తిథి కాదు, అపరాహ్ణంలో, అంటే మధ్యాహ్నం దాటాక ఉన్న తిథి చూడాలి. ఐదున మధ్యాహ్నానికి తదియ వచ్చేసింది. నేను సూర్యోదయానికి లెక్కగట్టాను. నాలుగో తారీఖు బస్సు దొరికింది, వెళ్లాను. సరిచేసిన స్క్రిప్టుతో సంవత్సరీకం ఎప్పుడో కూడా చూశాను, 2025 మే 29. అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి అవునంది.

సెప్టెంబరు 29, ఆదివారం

ఈ నెలలో ఇరవై తొమ్మిది రోజులకి ఇరవై ఆరు రోజులు పదిలోపే మూత తెరిచింది. మిగతా మూడు రోజులూ చెల్లో నేనో ఫోను చేశాం. బీపీ 138/86కి దిగింది.

అయితే లాగ్‌లో నాకు అర్థం కానివి ఉన్నాయి. రాత్రి 2.10. రాత్రి 1.45. రాత్రి 3.05. పదకొండు రాత్రులు. రెండోసారి మాత్ర వేసుకుంటోందేమోనని భయపడి ఫోను చేశాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"మీ నాన్న వాచీ అందులో పెట్టాన్రా" అంది. హెచ్ఎంటీ వాచీ, రోజూ కీ ఇవ్వాలి. నాన్న పడుకునే ముందు ఇచ్చేవారు. "నిద్ర పట్టనప్పుడు లేచి కీ ఇస్తన్నా. ఆగిపోతే మళ్లీ టైము పెట్టడం నాకు రాదు."

అమ్మ ఎవరికీ చెప్పుకోని విషయాన్ని నేను ఒక పట్టికలో, సెకన్లతో సహా చూశాను. సిగ్గనిపించింది. కానీ పదకొండు రాత్రులు నిద్ర లేదన్నది డాక్టరుకి తెలియాల్సిన సంగతి, బీపీకీ నిద్రకీ సంబంధం ఉంది. అమ్మనే అడిగాను. "నిద్ర సంగతి చెప్పు. వాచీ సంగతి ఎందుకు" అంది. అలాగే చెప్పాను. ఇక్కడ వాచీ గురించి రాయడానికి అమ్మ ఈ మధ్యే సరేనంది.

వాచీని వేరేచోట పెడతావా అంటే వద్దంది. దానికోసం మూత తీస్తే మాత్ర కనబడుతుందట. కోడు మార్చాను. పొద్దున ఆరు నుంచి పది మధ్య తప్ప మిగతా వేళల్లో మూత ఎన్నిసార్లు తీసినా డబ్బా పట్టించుకోదు. పాత రాత్రి వరసలన్నీ తుడిచేశాను. బ్యాకప్‌లోంచి కూడా.

అక్టోబరు 20, ఆదివారం

ఆఫీసులో ఆరోగ్య పరీక్షలు పెట్టారు. నాకు 152/98.

నాకు ముప్పై ఎనిమిది. జూన్ నుంచి రాత్రి ఒంటిగంటకి ముందు పడుకున్నది లేదు. డాక్టరు వారం రోజులు ఇంట్లో చూసుకుని రమ్మన్నారు. కాఫీ తాగిన అరగంట దాకా చూడకూడదు, వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి ఐదు నిమిషాలు కూర్చోవాలి, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడకూడదు. పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు. ఇంట్లో సగటు 135/85 దాటితే ఎక్కువే అన్నారు.

నాన్న పుస్తకంలో ఆయన చివరి అంకెల కింద గీత గీసి, ఖాళీగా ఉన్న కుడి పేజీలో మొదలుపెట్టాను. మొదటి రోజు 147/94. పెన్ను పట్టుకుంటే 145/90 అని రాయాలనిపించింది. నిజంగానే అనిపించింది. నాన్న ఎందుకు సర్ది రాశారో ఆ క్షణంలో తెలిసింది. ఆయన అబద్ధం ఆడలేదు. పక్క పేజీలో అమ్మ ఉంది, చదువుతుంది. ఆమె కంగారు పడకూడదనుకున్నారు.

147/94 అనే రాశాను. వారం సగటు 144/92. ఆమ్లోడిపిన్ 5, పొద్దున ఒకటి. ఇంట్లో చెప్పాను. చెల్లికి చెప్పాను. అమ్మకి చెప్పడానికి మూడు రోజులు పట్టింది.

నవంబరు 10, ఆదివారం

పని తక్కువే. వానలకి స్విచ్ తుప్పు పడుతోంది, ప్లాస్టిక్ ఒంటిది దొరికితే మార్చాలి. రూటరు ఛార్జరు వేడెక్కుతోంది, అది ముందు చూడాలి. పక్కింటి పిన్ని తమ అత్తగారికి కూడా ఇలాంటి డబ్బా చేసిపెట్టమంది. చేస్తాను. కానీ పది దాటాక ఫోను చేసేది ఎవరో ముందు చెప్పమన్నాను, చేసేవాళ్లు లేకపోతే డబ్బా వల్ల ఉపయోగం లేదు.

ఇవాళ పొద్దున డబ్బా 7.52కి తెరుచుకుంది. ఎనిమిదిన్నరకి అమ్మే ఫోను చేసింది. పాప గురించి, దింపిన కొబ్బరికాయల ధర గురించి మాట్లాడి, ఉన్నట్టుండి అడిగింది.

"నువ్వు మాత్రేసుకున్నావా?"

"ఆఁ" అన్నాను.

"ఎన్నింటికి?"

నేను వేసుకోలేదు. ఆగమ్మా అని ఫోను గట్టు మీద పెట్టి, మాత్ర తీసి, నీళ్లు తాగాను. అమ్మ లైనులోనే ఉంది, వెనక హాల్లో ఫ్యాను టకటకమంటోంది.

"ఇప్పుడే. ఎనిమిదీ నలభై."